గేటు దగ్గరి స్నానం

మా గేటు దాటి బయటికి వెళ్లే ఏ జంతువైనా ముందు నా చేత స్నానం చేయించుకోవాల్సిందే. ఈ నియమం నేను పెట్టింది కాదు, మా అమ్మ పెట్టింది. మా నాన్న ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో పనిచేసేవాడు. షిఫ్టు దిగి వచ్చాక ఎంత అలసిపోయినా, ఎంత ఆకలేసినా, ముందు పెరట్లో రెండు బకెట్ల వేడినీళ్లు, ఎర్ర కార్బాలిక్ సోపు, ఆ తర్వాతే గడప. మా గనివాళ్ల లైన్లో ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి. గని మూతపడింది, నాన్న పోయాడు, ఆ స్నానం మాత్రం నాకు మిగిలింది.

నాకు నోరు కొంచెం ఎక్కువ. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. పది ప్రశ్నలు వేసే రోగిని ఒక్క చూపుతో పడుకోబెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఎవాంజలిన్ సిస్టర్ వస్తోందంటే వార్డు సద్దుమణిగేది. రిటైరయ్యాక, దొరల కాలం నాటి పాడుబడ్డ గుర్రపు లాయం ఒకటి బాగుచేసుకుని ఈ షెల్టర్ మొదలుపెట్టాను. మా అన్న కొడుకు లియోకు ఆటో ఉంది. ఎక్కడ కుక్కకు దెబ్బ తగిలిందన్నా, ఎక్కడ ఆవు కాలువలో పడిందన్నా ఇద్దరం అందులోనే వెళతాం. గనిలోంచి వచ్చిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బ మీద గాలి లేచిన రోజు మా జంతువులన్నీ బూడిద పూసుకున్నట్టు తెల్లబడతాయి, ఆ రోజు స్నానాల పని రెట్టింపు.

కుక్కలకు నేను గనిలోకి దిగే పాత షాఫ్టుల పేర్లు పెడతాను. హెన్రీ బంగారుపేట స్టేషన్ దగ్గర పట్టాల పక్కన దొరికాడు. వెనక కాలు ఒకటి రైలు కింద పోయింది. మూడు కాళ్ల మీద నిలబడటం నేర్చుకునే రోజుల్లో, పక్కన ఎవరుంటే వాళ్ల కాలికి ఒళ్లంతా ఆనించి నిలబడేవాడు. నిలబడటం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. రెండేళ్ల పాటు, కుక్కను పెంచుకుందామని వచ్చిన ప్రతివాళ్ల కాలికీ ఆనుకున్నాడు. అందరూ వాడి తల నిమిరి, అయ్యో పాపం అని, నాలుగు కాళ్ల కుక్కను తీసుకుని వెళ్లిపోయారు.

సొన్నమ్మ వచ్చింది వానలు మొదలైన వారం, ఒక సోమవారం. బైరకూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంది. ఊరికే కుక్కను ఇచ్చి పంపించే దాన్ని కాదు నేను. ఎందుకు, ఎక్కడ కడతావు, ఏం పెడతావు, అన్నీ అడిగాను.

"ఎలుకలమ్మా," అంది. "పట్టుపురుగులు సాకుతాండాను. పోయిన పంట సగం ఎలుకలే తినేసినాయి. కుక్క ఒకటి వాకిట్లో పండుకుంటే ఎలుక రాదన్నారు."

"ఎలుకల మందు పెట్టుకోవచ్చు కదా?"

"అయ్యో, పురుగుల ఇంటికాడ మందు మాటే ఎత్తగూడదమ్మా. దోమల బత్తీ ముట్టించము, ఊదుబత్తీ ముట్టించము. మా ఆయన బీడీ తాగే మనిషి. ఆ ఇంట్లోకి పోవాల్నంటే నోరు పుక్కిలించి, గుడ్డలు మార్చుకొని పోతాండె. పురుగు వాసనకే చచ్చిపోతాది."

పల్లెటూరి వాళ్లకు ప్రతిదానికీ ఒక మడి ఉంటుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే సగమే విన్నాను.

ఆమె లాయమంతా తిరిగి చూస్తుంటే హెన్రీ కుంటుకుంటూ వెనకే వెళ్లి, ఆమె ఆగిన చోట ఆమె కాలికి ఆనుకున్నాడు. సొన్నమ్మ కిందికి చూసింది.

"ఈయప్ప కాలు యాడ పోయిందమ్మా?"

"రైలు కింద."

కాలు పక్కకు తీయకుండా వాడిని ఆనుకోనిచ్చింది. తర్వాత, "కానీలే, మా ఇంట్లోనూ ఒకరు తక్కువే," అంది. భర్త పోయి ఏడాదిన్నర అయిందట. కూతురు అర్పిత తమక అనే ఊళ్లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోందట. హెన్రీ పేరు ఆమెకు నోరు తిరగలేదు. "ఎన్రప్పా, పోదామా?" అంది. వాడు తోక ఊపాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకూడదని గట్టిగా అరిచాను, స్నానం కాకుండా ఎక్కడికీ లేదని.

పల్లెలో ఆవుల పక్కన తిరిగే కుక్క కదా, గోమార్లు చెవుల నిండా పట్టి రక్తం తాగుతాయి. అందుకని ఆ రోజు బకెట్లో గోమారి మందు ఎప్పుడూ కలిపే దానికి రెట్టింపు కలిపాను. ప్రేమ అది. వాడికి ఇంకో ఏడాది దాకా ఒక్క పురుగు కూడా పట్టకూడదని. సొన్నమ్మ వాడి మెడ పట్టుకుని నిలబడింది. మొదటి చెంబు పోయగానే ముక్కు ఎగబీల్చింది.

"ఏం మందమ్మా అది? వాసన వస్తాండాది."

అప్పటికే ఇంకో రెండు కుక్కలు కట్లు విప్పించుకోవడానికి కాచుకుని ఉన్నాయి. బస్సు టైమైపోతోంది. వార్డులో వెయ్యిసార్లు అన్న మాటే నా నోట్లోంచి వచ్చింది.

"మందేం కాదు, సోపేలేమ్మా. గమ్మున పట్టుకో."

ఆమె ఇంకేమీ అడగలేదు. నర్సమ్మ చెప్పింది కదా.

నాలుగు రోజుల తర్వాత, శుక్రవారం పొద్దున, అర్పిత ఫోన్ చేసింది. ఏడుస్తోందో, కోపంగా ఉందో తెలియలేదు.

"ఆంటీ, మీ కుక్కను తీసుకొని పోండి. పురుగులన్నీ చచ్చిపోయినాయి. కుంటి కుక్క కాలు పెట్టిందని ఊరంతా అంటాండారు. మా అమ్మ నిన్నట్నుంచి నోట్లో మెతుకు పెట్టలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కుక్క కాలు పెడితే పురుగులు చస్తాయా! చదువుకున్న పిల్ల కూడా అదే పాట. లియోను లేపి ఆటో తీయించాను. బేతమంగళం దాటి, ముళబాగిలు దాటి, బైరకూరు చేరేదాకా దారి పొడవునా ఉపన్యాసం తయారు చేసుకుంటూనే ఉన్నాను. మూఢనమ్మకాల గురించి, నోరులేని జీవం మీద నిందల గురించి. రెండు మూడు మాటలు బాగా కుదిరాయి కూడా. వాటిని లియోకు వినిపించాను.

సొన్నమ్మ ఇల్లు ఊరి చివర, మల్బరీ తోట పక్కన. హెన్రీని తోట గట్టున వేపచెట్టుకు కట్టేశారు. నన్ను చూసి లేచి, ఆనుకోవడానికి కాలు దొరక్క చెట్టుకే ఆనుకున్నాడు. ఇంటి ముందు సొన్నమ్మ మరిది సీనప్ప, ఇంకో ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. సీనప్ప మర్యాదగానే మాట్లాడాడు.

"మీ మీద మాకేం కోపం లేదమ్మా. కుక్కది ఏం తప్పు, దాని రాత. తీసుకొని పోండి. మా వదినకు ఈ పని అచ్చి రాలేదు. రేపు పొద్దున జేసీబీకి చెప్పినాను, తోట తీసేస్తాము. ఆమె తమకలో కూతురి కాడ ఉంటాది."

"జేసీబీనా? కుక్క వచ్చిందని తోట పీకేస్తారా?" అన్నాను, గొంతు పెంచి.

"కుక్క ఒక్కటే కాదమ్మా," అని పురుగుల ఇంట్లోంచి సొన్నమ్మ అంది. "లోపలికి రా. ఇప్పుడు ఎవరొస్తే ఏముండాది."

లోపల వెదురు తట్టలు అరల మీద అరలుగా ఉన్నాయి. పట్టుపురుగులను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. అవి నాలుగుసార్లు కుబుసం విడుస్తాయట, దాన్ని వీళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచి, ఆకు మీద ఆకు తిని, ఇంకో మూడు రోజుల్లో గూడు కట్టాల్సినవి. వేలెడు పొడవుండాల్సినవి సగానికి ముడుచుకుపోయాయి. తట్టల నిండా పచ్చటి రసం. అక్కడక్కడ ఇంకా ప్రాణం ఉన్నవి తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. ఎన్నో చావులు చూసిన దాన్ని, అయినా కళ్లు పక్కకు తిప్పుకున్నాను.

"ఆకు మీద మందు పడితే ఇట్లే పచ్చగా కక్కి చస్తాయి," అంది సొన్నమ్మ. "కానీ నా తోటకు మందే కొట్టలేదు. చుట్టూ ఎవరూ కొట్టలేదు. అందర్నీ అడిగినాను. ఇంగేముండాది చెప్పు. మా ఆయన చెయ్యి మంచిది. ఆయప్ప పోయినాక ఇది రెండో పంట పోవడం. పోయిన తూరి ఎలుకలని చెప్పుకొంటిని. ఎలుకలు కాదు, కుక్కా కాదు. నా చెయ్యే."

చేతులు చాపి చూపించింది. అరచేతులు, వేళ్ల సందులు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. చింతపండుతో, బూడిదతో, రాయితో రుద్దిందట. నిన్నటి నుంచి కడుగుతూనే ఉందట. నర్సును కదా, ఆ చేతులు పట్టుకుని మందు రాయాలని అలవాటుగా ముందుకు వంగాను. ఆమె వెనక్కి తీసుకుంది.

పక్కనే చిన్న గది, ఆకు పెట్టే గది. కోసుకొచ్చిన మల్బరీ ఆకు వాడిపోకుండా తడి గోనెపట్టా కప్పి ఉంచారు. ఆ గోనెపట్టా మధ్యలో గుండ్రంగా ఒక గుంత, దాని నిండా గోధుమరంగు వెంట్రుకలు.

"ఎన్రప్ప అక్కడే పండుకుంటాండె," అంది సొన్నమ్మ. "చల్లగా ఉంటాది కదా. ఎలుకలు వచ్చేది కూడా ఆ గదిలోకే. మంచిగా కాపలా కాసినాడు పాపం, ఒక్క ఎలుక రాలేదు."

వంగి గోనెపట్టా మీద చెయ్యి పెట్టాను. తడిగా ఉంది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసన నాకు తెలుసు. వారానికి నాలుగు రోజులు నా చేతులకుండే వాసనే. నేను రెట్టింపు కలిపి పోసింది వాడి ఒంటి మీది నుంచి తడి గోనెకు, గోనె నుంచి ఆకుకు, ఆకు నుంచి పురుగు కడుపులోకి వెళ్లింది. ఆమె ముక్కుకు ఆ రోజే తెలిసింది. అడిగింది కూడా. సోపు అని చెప్పింది నేను.

గుమ్మంలో నిలబడిన లియో నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. వాడు ఎన్ని స్నానాలకు నీళ్లు తోడాడో. గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. నేను నడిచాను. తయారు చేసుకున్న ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. హెన్రీని ఆటోలో ఎక్కించుకున్నాం. సొన్నమ్మ గుమ్మంలోంచి, "వానికి రాగి ముద్ద ఇష్టమమ్మా," అంది. నేను తల ఊపి వచ్చేశాను. కోపం ఉన్నంతసేపూ నన్ను నేను ధైర్యవంతురాలిననుకున్నాను. అది దిగిపోయాక చూస్తే, నాలో ఉన్నది పిరికితనమే.

ముళబాగిలు దాటాక లియో మాట్లాడాడు.

"అత్తా, చెప్పాలని ఉండాది కదా నీకు. చెప్పినావంటే ఏమైతాదో తెలుసునా? ఈ చుట్టుపక్కల ఊర్లంతా పట్టుపురుగులే. మన కుక్కల్ని తీసుకొని పోయేది ఈ ఊర్లవాళ్లే. ఇంగొక్క కుక్కను ఎవరూ ముట్టరు. లాయంలో ఉండేటివి లాయంలోనే చచ్చిపోతాయి. ఆమె పురుగులు ఎట్లాగూ పోయినాయి. చెప్తే తిరిగి వస్తాయా?"

వాడు చెప్పింది తప్పు కాదు. మా లాయంలో కళ్లు లేని ఎడ్గర్ ఉన్నాడు, నడుము విరిగిన గిఫర్డ్ ఉంది, వాళ్ల వెనక ఇంకెందరో ఉన్నారు. ప్రతి ఆదివారం గేటు చప్పుడైతే చాలు, అందరూ లేచి నిలబడతారు. వాళ్లందరినీ ఒకవైపు పెట్టి చూశాను. సొన్నమ్మ ఒక్కత్తే కదా, కూతురి దగ్గర హాయిగానే ఉంటుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

బేతమంగళంలో టీ కోసం ఆపాడు. హోటలు ముందు కుళాయి ఉంది. గోనెపట్టా వాసన పోవాలని చేతులు కడుక్కున్నాను. వాసన పోలేదు. అక్కడున్న సోపు ముక్క తీసుకుని మళ్లీ కడిగాను. కింద మట్టి తీసి రుద్దాను. కుళాయి దగ్గర వెనక ఎవరో, "అయిందా అమ్మా?" అన్నారు. అప్పుడు నా చేతులు నాకు కనిపించాయి. పొద్దున సొన్నమ్మ నా ముందు చాపిన చేతులు అవే. ఆమె ఏ పాపమూ చేయకుండా కడుక్కుంటోంది. ఆ చేతులతోనే రేపు తోటంతా పీకించేసి, చచ్చేదాకా తన్ను తాను తిట్టుకుంటూ తమకలో కూర్చుంటుంది. నేను మాత్రం కుక్కలను కాపాడుతున్నానని చెప్పుకుంటూ చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటాను.

"లియో, ఆటో తిప్పు."

"అత్తా..."

"తిప్పరా. లేకపోతే బస్సెక్కి పోతాను."

మేం తిరిగి చేరేసరికి సాయంత్రం ఐదైంది. సొన్నమ్మ చచ్చిన పురుగులను తట్టలతో తెచ్చి తోట గట్టున గుంతలో పోస్తోంది. సీనప్ప పార పట్టుకుని ఉన్నాడు. నేను హెన్రీని ఆటోలోనే ఉంచి, అందరి ముందూ నిలబడ్డాను. ఉపన్యాసాలకు పెట్టింది పేరు నేను. ఆ రోజు నాలుగు మాటలు కూడా సరిగ్గా రాలేదు.

"నీ చెయ్యి కాదు సొన్నమ్మా. నా చెయ్యి. ఆ రోజు కుక్కకు పోసింది సోపు కాదు. గోమారి మందు. రెట్టింపు కలిపినాను. అది గోనెపట్టాకు అంటింది. నువ్వు అడిగినావు, నేను అబద్ధం చెప్పినాను."

ముందు సీనప్పకు అర్థమైంది. పార నేలకేసి కొట్టాడు. "చదువుకున్నోళ్లు మీరు! ఒక ఆడమనిషి కడుపు మీద కొట్టి, మళ్లా పొద్దున వచ్చి మా మీదే అరిచినావే!" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. లియో ముందుకు రాబోతే వద్దన్నాను.

సొన్నమ్మ మాత్రం గుంత పక్కనే కూర్చుండిపోయింది. ఖాళీ తట్ట ఒళ్లో ఉంది.

"సోపు అన్నావు కదమ్మా," అంది.

"అన్నాను."

"నేను అడిగినాను కదా."

"అడిగినావు."

తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే నా చెయ్యి కాదు," అంది. మళ్లీ అంది. మూడోసారి అనేటప్పుడు బావురుమని ఏడ్చేసింది. భర్త పోయిన రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదని అర్పిత తర్వాత చెప్పింది. నేను దగ్గరికి వెళ్లలేదు. వెళ్లే హక్కు నాకు లేదు.

ఏడుపు ఆగాక మొదట మరిదితో మాట్లాడింది. "సీనప్పా, ఆ జేసీబీ వానికి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు." తర్వాత నా వైపు తిరిగింది. "కుక్కను తీసుకొని పో. ఉత్త నీళ్లు పొయ్యి. ఇంగేమీ కలపొద్దు."

"మళ్లీ వస్తావా సొన్నమ్మా?"

"చెప్పలేనమ్మా. ఇప్పుడు నీ ముఖం చూడలేను," అంది.

లియో చెప్పినట్టే అయింది. వారం తిరగకముందే మాట ఊళ్లన్నీ పాకింది. మేమిచ్చిన కుక్కలు మూడు తిరిగి వచ్చాయి. ఒకదాన్ని గేటుకు కట్టేసి, మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. ఆదివారాలు గేటు చప్పుడు కావడం మానేసింది. ఎడ్గర్ మాత్రం గాలికి గొలుసు కదిలినా లేచి నిలబడుతున్నాడు. లియో నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

హెన్రీకి రోజూ పొద్దున ఉత్త నీళ్లు పోశాను. మందు బలం తగ్గాక, ఇరవై రోజులకు గోమార్లు మొదలయ్యాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో, తెగిన కాలి మడతలో. సీసా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తీయలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ గోటితో పట్టి లాగి వేడినీళ్ల గిన్నెలో వేశాను. పొద్దునొక గంట, సాయంత్రమొక గంట. గోళ్ల మొదళ్లు చీము పట్టాయి. వాడు మాత్రం ఆ గంట కోసం ఎదురుచూసేవాడు.

రెండు నెలల తర్వాత, ఒక మంగళవారం, గేటు గొలుసు నిజంగానే మోగింది. సొన్నమ్మ. ఒక్కత్తే వచ్చింది. హెన్రీ పరుగెత్తి ఆమె కాలికి ఎంత గట్టిగా ఆనుకున్నాడంటే ఆమె గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నన్ను పలకరించలేదు. నేలమీద కూర్చుని అడిగింది.

"ఏం మందు పూసినావమ్మా?"

"ఏమీ పూయలేదు. ఉత్త నీళ్లే."

నా మాట నమ్మలేదు. నమ్మాలని నేనూ అనుకోలేదు. వాడి తల మీద ముక్కు పెట్టి వాసన చూసింది. మెడ, వీపు, పొట్ట, తోక దాకా చూసింది. చెవులు మడిచి లోపల చూసింది.

"ఒక్క గోమారి కూడా లేదే. మందు లేకుండా ఎట్ల పోయినాయి?"

"చేత్తో ఏరినాను."

సొన్నమ్మ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వాచిన గోళ్లు చూసింది. తర్వాత ఆ చేతులను తన ముక్కు దగ్గరికి తీసుకుని, కుక్కను చూసినట్టే, నిదానంగా వాసన చూసింది. నేను వెనక్కి తీసుకోలేదు. ఆమె అరచేతులు నయమైపోయాయి, గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి.

చేతులు వదిలి, హెన్రీ మెడకు తాడు కట్టింది. గేటు దాటాక ఆగి, వెనక్కి తిరిగింది.

"గురువారం కొత్త పురుగులు వస్తాయి. చూడాల్నంటే రా. నీళ్లు పోసుకొని రా. ఉత్త నీళ్లు."

గురువారం పొద్దున పెరట్లో రెండు బకెట్ల నీళ్లు పోసుకున్నాను. సోపు ముట్టలేదు, పౌడరు ముట్టలేదు, తలకు నూనె కూడా రాసుకోలేదు. బైరకూరులో ఆమె వాకిట్లో ఆగి చేతులు చాపాను. ఆమె వాసన చూసి, లోపలికి రమ్మనే దాకా అక్కడే నిలబడ్డాను.